న్యూగ్రేంజ్ గవాక్షం ఎవరి కోసం?

ఐర్లండ్‌లో బోయిన్ నది ఒడ్డున ఉన్న న్యూగ్రేంజ్ సమాధి దిబ్బను క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టారు. గీజా పిరమిడ్ల కంటే ఐదు వందల ఏళ్లకు పైగా పాతది. దిబ్బ అడ్డకొలత దాదాపు 85 మీటర్లు. లోపలికి 19 మీటర్ల ఇరుకు రాతి నడవ, దాని చివర ఓ గది. శీతాకాల అయనాంతం నాడు, అంటే డిసెంబరు 21 ప్రాంతంలో, పొద్దు పొడిచిన నాలుగు నిమిషాలకు సన్నని వెలుగు చార ఆ నడవ పొడవునా పాకి గదిలోకి చేరుతుంది. పదిహేడు నిమిషాలుండి వెళ్లిపోతుంది. అక్కడ తవ్వకాలు జరిపిన మైకేల్ ఓకెల్లీ 1967లో దీన్ని కళ్లారా చూశారు. అప్పటి నుంచి దీన్ని రాతి పంచాంగం అనడం చాలామందికి అలవాటైంది. ఎండను కావాలనే లోపలికి రప్పించారన్నది నిజమే. పంచాంగం అన్న మాటకు మాత్రం ఆ కట్టడంలో ఆధారం లేదు.

కావాలనే చేశారని ఎలా చెప్పగలం? నడవ ఆగ్నేయానికి తిరిగి ఉండటం ఒక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. కానీ నడవ నేల లోపలికి పోయేకొద్దీ సుమారు రెండు మీటర్లు పైకి లేస్తుంది. అందువల్ల గుమ్మంలోంచి వచ్చే ఎండ దారిలోనే ఆగిపోతుంది. గది దాకా చేరేది గుమ్మం పైన విడిగా కట్టిన గవాక్షంలోంచి వచ్చేదే. వెలుతురు కోసం తప్ప దానికి మరో ఉపయోగం కనిపించదు. పునరుద్ధరణలో దాన్ని తిరిగి పేర్చారు కదా, ఈ అమరిక ఆధునికుల చేతి పనేమో అనే సందేహం న్యాయమైనదే. అయితే దాని పైనున్న చెక్కడపు రాయిని 19వ శతాబ్దంలోనే గమనించారు. పైగా అయిదు వేల ఏళ్ల కిందట భూమి అక్షం వాలు ఇప్పటికంటే అర డిగ్రీ ఎక్కువ. ఆ లెక్కన చూస్తే అప్పట్లో ఎండ సూర్యోదయ క్షణంలోనే ప్రవేశించి, గది వెనక గోడను తాకేదని టామ్ రే 1989లో చూపించారు. నేటి సూర్యుడి కంటే నాటి సూర్యుడికే అమరిక బాగా కుదురుతోందంటే, దాన్ని పునరుద్ధరణ ఖాతాలో వేయడం కష్టం.

ఇక పంచాంగం సంగతి. అయనాంతానికి అటూ ఇటూ కొన్ని రోజులు సూర్యుడు పొడిచే చోటు దాదాపు కదలదు, కాబట్టి ఆ వెలుగు వరసగా కొన్ని ఉదయాలు పడుతూనే ఉంటుంది. సరిగ్గా ఏ రోజో తేల్చడానికి అది పనికిరాదు. రుతువు తెలుసుకోవడమే కావాలంటే ఆరుబయట రెండు గుంజలు పాతినా చాలు, దిబ్బ కట్టే శ్రమ అక్కర్లేదు. అసలు సాక్ష్యం తలుపు దగ్గరుంది. గుమ్మాన్ని పెద్ద బండతో మూసేవారు. గవాక్షానికి మాత్రం చిన్న పలుగురాళ్ల మూత ఉండేది. దాన్ని పదే పదే లాగిన గీతలు కింది పలకపై ఉన్నాయి. మనుషులకు దారి మూసి, ఎండకు దారి తెరిచారన్నమాట. లోపల పూజారి కూర్చునేవాడేమో అనేవారున్నారు. మొదట్లో కూర్చుని ఉండవచ్చు. కానీ తలుపు తీసుకుని వెళ్లేవాళ్లకు గవాక్షానికి వేరే మూత, దాన్ని జరిపే పని ఎందుకు? లోపల ఉన్నవి రాతి పళ్లేలు, కాలిన ఎముకలు. ఆ వెలుగు చచ్చిపోయినవాళ్ల కోసమే అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. వాటి వరసలకూ అయనాంత సూర్యుడితో పొంతన ఉందని పరిశోధకులు అంటున్నారు. ఆ పొంతన కావాలనే పెట్టిందని రుజువు చేయడం న్యూగ్రేంజ్ కంటే అక్కడ ఇంకా కష్టం. రాళ్లు ఎక్కువైతే జతలు ఎక్కువ, జతలు ఎక్కువైతే ఏదో ఒకటి సూర్యుడి వైపు చూడక మానదు. న్యూగ్రేంజ్‌లో ఉన్నట్టు ఎత్తు పెరిగే నేల, అరిగిన పలక అక్కడ లేవు. ఆ వరసలన్నిటినీ కొలిచి, కుదరనివాటిని కూడా లెక్కలో చూపాలి.