డిలీట్ నొక్కితే ఏజెంట్ మర్చిపోతుందా?

పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో ఓ చిన్న క్లినిక్, వాట్సాప్‌లో అపాయింట్‌మెంట్లు ఇవ్వడానికి ఏఐ ఏజెంట్‌ను పెట్టుకుందనుకుందాం. యానాం నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఓ పెద్దావిడ తనకు షుగరుందనీ, తెలుగులోనే మాట్లాడమనీ దానికి చెప్పింది. అది గుర్తుపెట్టుకుంది. కొన్నాళ్లకు ఆవిడ వచ్చి “నా వివరాలు తీసెయ్యి బాబూ” అంది. కౌంటర్లో కుర్రాడు బటన్ నొక్కి “తీసేశానమ్మా” అన్నాడు. ఆ మాట ఎంతవరకు నిజమో చెప్పాల్సింది ఆ డిలీట్ టూల్‌తో వచ్చే డాక్యుమెంటేషన్. అందులో తరచూ ఉండేది ఒక్క ముక్క: ‘యూజర్ డేటాను తొలగిస్తుంది’. అపోహలన్నీ అక్కడే పుడతాయి.

అపోహ: చాట్ తీసేస్తే మెమరీ కూడా పోతుంది.

వాస్తవం: చాట్ వేరు, అందులోంచి ఏరి దాచుకున్న మెమరీ వేరు. చాట్‌జీపీటీకి 2024 ఫిబ్రవరిలో మెమరీ వచ్చింది. అక్కడా అంతే: సంభాషణ చెరిపినా దాన్నుంచి సేవ్ అయిన మెమరీ ఉండిపోతుంది, దాన్ని విడిగా తీయాలి. ఏజెంట్ల సంగతి ఇంకా చిక్కు. అసలు సంభాషణ ఒకచోట, దాని సారాంశం ఒకచోట, ఆ సారాంశాన్ని అంకెలుగా మార్చిన ఎంబెడింగ్ మరోచోట ఉంటాయి. ఆపైన ఇండెక్స్, క్యాష్, లాగులు, బ్యాకప్. పెద్దావిడ షుగరు సంగతి ‘ఈ వారం వచ్చిన షుగరు పేషెంట్లు’ అనే ఉమ్మడి సారాంశంలోకి కూడా చేరి ఉండొచ్చు. ఆవిడ పేరుతో వెతికితే అది దొరకదు. అందుకే డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు ముందు ఈ చోట్లన్నీ వరుసగా రాయాలి. టూల్ వేటిని ముట్టుకోదో రాయడం, నా దృష్టిలో, వేటిని తీసేస్తుందో రాయడం కంటే ముఖ్యం.

అపోహ: ఎంబెడింగ్ అంటే ఉత్త అంకెలేగా, మిగిలిపోతే ఏం?

వాస్తవం: 2023లో కార్నెల్ పరిశోధకులు ఆ అంకెల నుంచే అసలు వాక్యాలను వెనక్కి రాబట్టారు. 32 టోకెన్ల ముక్కల్లో 92 శాతం పొల్లుపోకుండా వచ్చాయి. వైద్యుల నోట్సులోంచి పూర్తి పేర్లు కూడా బయటపడ్డాయి. పైగా చాలా వెక్టర్ డేటాబేసులు డిలీట్ అనగానే చెరపవు. ‘పోయినట్టు’ గుర్తు పెట్టి, తీరిక దొరికినప్పుడు శుభ్రం చేస్తాయి. ఆ తీరిక ఎప్పుడో డాక్యుమెంటేషన్‌లో ఉండాలి.

అపోహ: ఇక్కడ తీసేస్తే అంతటా తీసేసినట్టే.

వాస్తవం: పుదుచ్చేరికి ఇది పాత పాఠమే. ఫ్రెంచ్ వలస ప్రాంతాల జనన, వివాహ, మరణ రిజిస్టర్లకు ఒక ప్రతి ఫ్రాన్సుకు పంపాలని 1776 జూన్‌లో రాజశాసనం వచ్చింది. అలా పోగైనవి ఇప్పుడు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని ఆర్కైవులో ఉన్నాయి. పుదుచ్చేరిలో కాగితం చెదపట్టినా అక్కడి ప్రతి అలాగే ఉంటుంది. బ్యాకప్ ఉద్దేశమూ అదే కనుక డిలీట్ టూల్‌కు అదే పెద్ద తలనొప్పి. పాత బ్యాకప్‌ను తిరిగి ఎక్కిస్తే తీసేసిన మనిషి మళ్లీ ప్రత్యక్షం. ఎక్కించాక పాత డిలీట్‌లన్నీ మరోసారి నడపాలన్న ఒక్క వాక్యం చాలాచోట్ల రాయకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అపోహ: చట్టం వచ్చింది కాబట్టి అడిగిన వెంటనే చెరపాల్సిందే.

వాస్తవం: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. చెరపమని అడిగే హక్కు అందులోని 12వ సెక్షన్‌లో ఉంది. నిబంధనలు మాత్రం 2025 నవంబరులో వెలువడ్డాయి. ఈ హక్కు అమల్లోకి రావడానికి ఆపైన 18 నెలల గడువు పెట్టారు. అదే నిబంధనలు కొన్ని లాగులను కనీసం ఏడాది ఉంచమంటాయి కూడా. కోర్టులు అడ్డుపడటమూ ఉంది: చాట్‌జీపీటీ సంస్థ ఓపెన్ఏఐపై న్యూయార్క్ టైమ్స్ వేసిన దావాలో 2025 మేలో అమెరికా కోర్టు ఇచ్చిన ఉత్తర్వు వల్ల, మామూలుగా 30 రోజుల్లో పోవాల్సిన చాట్లను ఆ సంస్థ కొన్ని నెలలు దాచాల్సి వచ్చింది.

అపోహ: మెమరీతో పాటు మోడల్ కూడా మర్చిపోతుంది.

వాస్తవం: లేదు. శిక్షణలో కలిసిపోయినదాన్ని వెనక్కి తీయడం వేరే శాస్త్రం, ఇంకా పసిది. ఈ టూల్ పని అది కాదని డాక్యుమెంటేషన్ మొదటి పేరాలోనే చెప్పేయాలి.

అపోహ: ఏజెంటే ‘తీసేశాను’ అందిగా!

వాస్తవం: 2025 జులైలో కోడ్ రాసే రెప్లిట్ ఏజెంట్ ఒక వ్యాపారి అసలు డేటాబేసునే, వద్దన్నా వినకుండా తుడిచేసింది. తిరిగి తేవడం కుదరదనీ చెప్పింది. తీరా చూస్తే కుదిరింది. చెరపడం గురించి ఏజెంట్ మాట సాక్ష్యం కాదు. టూల్ తిరిగిచ్చే ఫలితమే సాక్ష్యం: ఏ చోట ఎన్ని రికార్డులు పోయాయి, ఎన్ని మిగిలాయి, ఎందుకు మిగిలాయి. ఇంకో మెలిక ఉంది. ఈ టూల్ వివరణను మనుషులకన్నా ముందు ఏజెంటే చదువుతుంది, దాన్ని బట్టే ఎప్పుడు వాడాలో తేల్చుకుంటుంది. ఏజెంట్లను టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్‌లో ‘ఇది నాశనం చేసే టూల్’ అని సూచించే గుర్తు ఉంది గానీ, అది సూచన మాత్రమే, తాళం కాదు. కాబట్టి ఆ వివరణ సూటిగా ఉండాలి: పేరుతో కాదు, ఐడీతోనే పిలవాలి. ముందు ఏమేం పోతాయో చూపించాలి. మనిషి సరేనన్నాకే చెరపాలి. ఇందిరా నగర్ క్లినిక్‌లో ఒకే పేరున్న పేషెంట్లు ఇద్దరుండటం వింతేమీ కాదు.