వేడి తగ్గేదాకా ఆగితే మిగిలేది కూర కాదు

ఈ వేసవిలో మా చుట్టాలింట గృహప్రవేశం జరిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు దించిన బిర్యానీ డేగిసా రాత్రి తొమ్మిదింటికీ వంటింటి గట్టు మీదే ఉంది. ‘అడుగున ఇంకా వేడిగా ఉంది, ఇప్పుడే ఫ్రిజ్‌లో పెడితే కంప్రెసర్ పోతుంది’ అంది పిన్ని. ఆ అన్నాన్నే మళ్లీ వేడిచేసి తిన్నవాళ్లలో ముగ్గురికి తెల్లవారేలోగా వాంతులు పట్టుకున్నాయి, సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

‘పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలి’ అన్న మాట ప్రతి ఇంట్లోనూ వింటాం. ఎంతసేపటిలో చల్లారాలో మాత్రం ఎవరూ చెప్పరు. ప్రమాదమంతా అక్కడే ఉంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. అనువైన వేడిలో కొన్ని రకాలు 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. బియ్యంలో సాధారణంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా మారగానే మొలకెత్తి పెరుగుతాయి, విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా విరగదు. ‘బాగా మరిగించాం కదా, ఏమీ కాదులే’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

వండిన పదార్థం బయట ఉండాల్సింది రెండు గంటలకు మించి కాదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో మన వంటిళ్లకు ఆ ఒక్క గంటే లెక్క.

పిన్ని మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. పొగలు కక్కే డేగిసాను అలాగే లోపల పెడితే చుట్టూ ఉన్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి, ఫ్రిజ్ ఎక్కువసేపు నడవాల్సి వస్తుంది. కానీ అందుకు మందు రాత్రిదాకా ఆగడం కాదు, గిన్నె మార్చడం. కూరనో అన్నాన్నో రెండంగుళాల మందం మించకుండా వెడల్పాటి గిన్నెల్లోకి తీయండి. పప్పు, పులుసులైతే గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో ఉంచి గరిటెతో కలుపుతూ ఉండండి. పొగలు తగ్గగానే, కాస్త వెచ్చగా ఉన్నా సరే, లోపల పెట్టేయండి.

‘మా తాతలు చద్దన్నం తినలేదా?’ అని అడుగుతారు. తిన్నారు. అది మజ్జిగ పోసి పులియబెట్టిన అన్నం. ఆ పులుపు చాలా సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. బిర్యానీలో ఆ పులుపు లేదు.

డీప్ ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయనుకోవడం మరో పెద్ద పొరపాటు. మైనస్ 18 డిగ్రీల దగ్గర వాటి పెరుగుదల ఆగుతుంది, అంతే. మంచు కరగగానే చాలామటుకు మళ్లీ లేస్తాయి. పొద్దున్నే చికెన్ తీసి సింకులో పడేసి ఆఫీసుకెళ్లి, సాయంత్రం వచ్చి వండటం మానండి. ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి, గిన్నెలో పెట్టి మార్చండి. నీళ్లు కారినా కిందున్న తినే పదార్థాల మీద పడవు. ఫ్రిజ్‌లోనే కరిగిన మాంసాన్ని వెంటనే మళ్లీ గడ్డకట్టించినా ప్రమాదం లేదు, రుచి మాత్రం తగ్గుతుంది.

కోసిన ఉల్లిపాయ ఫ్రిజ్‌లోని క్రిములను పీల్చుకుని విషమవుతుందన్నది అబద్ధం. దోసెల పిండి ఫ్రిజ్‌లో పెడితే విషం కాదు, పులియడం నెమ్మదిస్తుంది. వాసన బాగుంటే తినొచ్చు అన్నదాన్ని మాత్రం నమ్మకండి. జబ్బు చేసే క్రిములకు చాలాసార్లు వాసన ఉండదు.

ఫ్రిజ్ మరపై ఉండే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. చిన్న థర్మామీటరు కొని, గ్లాసు నీళ్లలో ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున 4 డిగ్రీలకు మించి చూపిస్తే మర ఇంకొంచెం తిప్పండి. కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉంచితే ఫ్రిజ్ చల్లదనం నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌ది 48 గంటలు నిలుస్తుంది, సగమే నిండి ఉంటే 24 గంటలే.