వెదకువారికి కనబడుట : ఒంగోలు ఇళ్ళస్థలముల మధ్యవర్తులు, వారి వెబ్‌సైట్లు

పూర్వము ఒంగోలులో ఇంటిస్థలము కొనదలచినవాడు ముగ్గురిని విచారించెడివాడు. మొదటివాడు కరణము, రెండవవాడు దస్తావేజులు వ్రాయువాడు, మూడవవాడు టీకొట్టు బల్లమీద కూర్చుండు మధ్యవర్తి. 1984లో కరణముల పదవి రద్దయినది. దస్తావేజు లేఖకుడు నేటికిని రిజిస్ట్రారు కచేరీ వద్ద కనబడుచునే యున్నాడు. టీకొట్టు మధ్యవర్తి మాత్రము సెల్‌ఫోనులోనికి మారినాడు. కువైటులోనో హైదరాబాదులోనో ఉద్యోగము చేయుచున్న మన ఊరివాడు రాత్రి పనిముగించుకొని, ఫోను తీసి, “ఒంగోలులో ఇళ్ళస్థలము” అని వ్రాసి చూచుచున్నాడు. ఆ తెరమీద మొదట వచ్చిన రెండు మూడు పేర్లే అతనికి ఊరిలోని మధ్యవర్తులందరును. పదేండ్ల సంపాదనను ఆ పేర్లలో ఒకదాని చేత పెట్టబోవుచున్నాడు. కనుక ఆ పేర్లు అచటికి ఎట్లు వచ్చుచున్నవో తెలిసికొనుట, ఈ వృత్తిలోనికి పోదలచిన మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే గాక, స్థలము కొనదలచిన ప్రతి కుటుంబమునకును అవసరము.

గూగుల్ వంటి శోధనయంత్రము వెబ్‌పుటలను ముందుగానే చదివి, వానిలోని మాటలకు సూచికను కూర్చుకొనును. మనము అడిగినపుడు వెదకునది ఆ సూచికలోనే. అయితే వైద్యుడు, భోజనశాల, స్థలముల ఏజెంటు మొదలగు స్థానిక విషయములను అడిగినచో అది వేరొక లెక్క వేయును. ఆ లెక్కలో మూడంశములున్నవని గూగుల్ సంస్థయే చెప్పుచున్నది. అడిగిన దానితో సంబంధము మొదటిది, అడిగినవానికి గల దూరము రెండవది, ఊరిలో ప్రసిద్ధి మూడవది. ఈ లెక్క ననుసరించి పటముతోపాటు మూడు పేర్లు పైన కనబడును. 2015 వరకు ఏడు పేర్లు చూపెడివారు; ఆ యేడు మూడింటికి కుదించిరి. లాయర్‌పేటలో నిలబడి చూచినవానికి వచ్చిన మూడు పేర్లు త్రోవగుంటలో చూచినవానికి రాకపోవచ్చును. దూరము మన చేతిలోనిది కాదు. తక్కిన రెండింటికై శ్రమింపవచ్చును.

ఇచట ఒక మాట. మొదటి స్థానము ఇప్పింతుమని ఫోనుచేసి రుసుము వసూలు చేయువారు ఊరూరా ఉన్నారు. ప్రకటనకు డబ్బు కట్టవచ్చును, దానిపై ప్రకటన యని గుర్తు కూడ ఉండును. కాని పటముతో వచ్చు ఆ సహజమైన వరుసలో స్థానమును డబ్బిచ్చి కొనుటకు వీలులేదని గూగుల్ స్పష్టముగా చెప్పినది. నా యెరుకలో ఒక మధ్యవర్తి ఇట్టివారికి సొమ్ము చెల్లించి, ఆరునెలలు ఎదురుచూచి, తుదకు తన బోర్డునకు రంగు వేయించుకొనుటయే మేలని తలచినాడు.

సంబంధమను అంశమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. ఏలయన మన ఊరిలో చిక్కంతయు ఇచటనే యున్నది. అద్దంకి బస్టాండు సెంటరు ఉన్నది ఒంగోలులో, అద్దంకిలో కాదు. కొత్తపట్నం బస్టాండు కూడ ఒంగోలులోనిదే. ఊరివానికి ఇందులో సందేహము లేదు. యంత్రమునకు ఉన్నది. ఒక ఏజెంటు తన వెబ్‌సైటులో “కర్నూలు రోడ్డులో ప్లాట్లు అమ్మబడును” అని మాత్రమే వ్రాసి యూరకున్నచో, అది మన ఊరి కర్నూలు రోడ్డో, దూరమున నున్న కర్నూలు పట్టణమునకు సంబంధించినదో యంత్రము ఊహించుకొనవలసి వచ్చును. “ఒంగోలు కర్నూలు రోడ్డు, పేర్నమిట్ట దగ్గర” అని వ్రాసినచో ఊహించు పని లేదు. పుట శీర్షికలో ఒకసారి, లోపలి వాక్యములలో సహజముగా, పిన్‌కోడుతో సహా వ్రాయవలెను. అంతే గాని ఒక్కపుటలో నలుబదిసార్లు “ఒంగోలు ఒంగోలు” అని జపించుట వలన ప్రయోజనము లేదు. యంత్రము దానిని మోసముగా గుర్తించును, మనిషికి విసుగు పుట్టును.

రెండవ చిక్కు బొమ్మలది. మన ఏజెంట్లలో పెక్కుమంది వెబ్‌సైటనగా వెంచరు కరపత్రమును ఫొటో తీసి పెట్టుట యనుకొనుచున్నారు. వాట్సాపులో పంపిన రంగురంగుల ఫ్లెక్సీయే అచటను వెలయును. గ్రామము పేరు, రోడ్డు వెడల్పు, ధర, ఫోను నంబరు అన్నియు బొమ్మలోనే చిక్కుకొని యుండును. బొమ్మలోని అక్షరములను యంత్రము సరిగా గ్రహించునన్న నమ్మకము లేదు. వేలంకేంద్రములో పొగాకు బేలుపై చీటీ లేనిచో లోపలి ఆకు ఎంత మేలైనను పాట సాగదు గదా! ఆ వివరములనే మామూలు వాక్యములుగా బొమ్మ క్రింద వ్రాసిన చాలును. యంత్రము చదువుటకై పుట వెనుక వ్రాయు గుర్తులును కలవు. 2011లో గూగుల్, బింగ్, యాహూ సంస్థలు కలసి ఏర్పరచిన స్కీమా పద్ధతిలో స్థలముల ఏజెంటునకు ప్రత్యేకముగా ఒక గుర్తే యున్నది. కంప్యూటరు విద్యార్థి ఎవరైనను ఒక పూటలో దీనిని అమర్చి ఇయ్యగలడు. పుట సెల్‌ఫోనులో త్వరగా తెరుచుకొనవలెనని వేరుగా చెప్పనేల? 2023 నాటికి గూగుల్ వెబ్‌పుటల సెల్‌ఫోను రూపమునే ప్రధానముగా చదువు పద్ధతికి మారుట పూర్తిచేసినది.

ఇక పెద్ద పోటీదారులు. 99 ఎకర్స్, మ్యాజిక్ బ్రిక్స్ వంటి అఖిలభారత సంస్థలను “ఒంగోలులో ప్లాట్లు” అను మాటపై మన చిన్న ఏజెంటు ఓడింపజాలడు. ఆ ప్రయత్నమే అనవసరమని నా అభిప్రాయము. కాని మంగమూరు రోడ్డులో వానాకాలమున నీరు ఎచట నిలుచునో, కొప్పోలు వైపు మంచినీటి గొట్టము ఎంతవరకు వచ్చినదో, 16వ నంబరు జాతీయ రహదారి నుండి ఏ వెంచరునకు ఏ దారిన పోవలెనో ఆ సంస్థలు చెప్పజాలవు. ఒక్కొక్క పేటకు ఒక్కొక్క పుట ఏర్పరచి, అందులో తాను కాలినడకన తిరిగి చూచిన సంగతులు వ్రాసినవాడు ఆ పేట పేరుతో వెదకినపుడు పైకి వచ్చుటకు మంచి అవకాశమున్నది. ఒకే పుటలో పేట పేరు మాత్రము మార్చి ఇరువది నకళ్ళు పెట్టుట పనికిరాదు.

కొలతలను గూర్చియు ఆలోచింపవలెను. మనవారు సెంట్లలో అడుగుదురు, హైదరాబాదు నుండి వచ్చినవారు గజములలో అడుగుదురు, నెల్లూరు వైపువారు అంకణములందురు. సెంటు అనగా 48.4 చదరపు గజములు. రెండు కొలతలును ప్రక్కప్రక్కన వ్రాసినచో ఇద్దరికిని ఉపకారము. అట్లే తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో కొట్టువారు పెక్కురు. మన సంచిక వలెనే ఏజెంటు వెబ్‌సైటును రెండు లిపులకు చోటిచ్చిన మంచిది.

ప్రసిద్ధి యను అంశము గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అను ఉచితపు నమోదుతో మొదలగును. బోర్డు మీద, విజిటింగు కార్డు మీద, వెబ్‌సైటులో, ఆ నమోదులో పేరు, చిరునామా, ఫోను నంబరు అక్షరము తేడా లేకుండ ఉండవలెను. సిమ్ము మార్చినపుడెల్ల ఒక్కచోటనే మార్చి తక్కినచోట్ల మరచిపోవుట మనవారి అలవాటు. కొందరు తమ అసలు పేరునకు “ఒంగోలు ఉత్తమ ప్లాట్లు” అని తోక తగిలింతురు; అది నియమవిరుద్ధము. ఇంటినుండియే పని చేయువాడు లేని కార్యాలయమును చూపనక్కరలేదు. చిరునామాను దాచి, తాను తిరుగు ప్రాంతములను మాత్రము పేర్కొనుటకు అవకాశమున్నది. రివ్యూల విషయములో మరింత జాగ్రత్త వలయును. సొమ్మిచ్చి వ్రాయించిన పొగడ్తలను తొలగించుటయే గాక కొన్నిసార్లు ఆ నమోదునే నిలిపివేయుదురు. నిజముగా రిజిస్ట్రేషను ముగిసిన కుటుంబమును, రెండు మాటలు వ్రాయుడని మర్యాదగా కోరుటలో తప్పులేదు.

ఇంతయు చెప్పిన పిమ్మట అసలు ప్రశ్న మిగులును. కనబడువాడు నమ్మదగినవాడేనా? 2023లో నకిలీ దస్తావేజుల వ్యవహారము బయటపడి, ప్రత్యేక దర్యాప్తు జరిగిన ఊరు మనది. కావున ఏజెంటు పుటలో రెరా నమోదు సంఖ్య ఉండవలెను. 2016 నాటి కేంద్ర చట్టము ప్రకారము, నమోదు కావలసిన ప్రాజెక్టులలో అమ్మకమునకు మధ్యవర్తిత్వము చేయు ఏజెంటు తానును నమోదు చేసికొనవలెను. లేనిచో రోజునకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతము వరకు జరిమానా పడవచ్చును. లేఔటు అనుమతి సంఖ్య, సర్వే నంబరు కూడ వ్రాసినచో కొనువాడు తానే ఇ.సి. తీసి చూచుకొనును. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టము 22-ఎ నిషిద్ధ జాబితాలో ఉన్నదేమో కూడ విచారించును. ప్రభుత్వభూములు, దేవాదాయ భూములు, వక్ఫు భూములు ఆ జాబితాలోనికి వచ్చును. వక్ఫు భూమిని తెలియక కొని తరువాత కచేరీల చుట్టు తిరుగుట ఎంత దుఃఖకరమో మన పాఠకులకు వివరింపనక్కరలేదు. ఈ సంఖ్యలను దాచి ధరను మాత్రము పెద్ద అక్షరములలో చూపు పుట ఎంత పైన కనబడినను, ఆ ఏజెంటునకు ఫోను చేయక ముందే ఇవి అడిగి వ్రాసికొనుట మేలు.

చివరగా పనిచేయువారికి రెండు సూచనలు. అమ్ముడైన స్థలమునకు ఎదురుగా ఆనాడే “అమ్ముడైనది” అని వ్రాయవలెను. లేనిచో ఫోను చేసినవాడు నిరాశపడి ఒకటే నక్షత్రమిచ్చి పోవును. సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనములో, ఏ మాటలతో వెదకినపుడు తన పుట కనబడినదో నెలకొకసారి చూచుకొనవలెను. జనము “సంతనూతలపాడు రోడ్డు” అని వెదకుచుండగా ఏజెంటు “ప్రశాంత వాతావరణము” అని వ్రాసి కూర్చుండిన సంగతి ఆ పట్టికలోనే బయటపడును.