కొత్త సెమిస్టరుకు ముందు ల్యాబులో తెలుగు

సెమిస్టర్ల మధ్య సెలవుల్లో విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రం వారు చేసే పని విద్యార్థుల కంట పడదు. ఒక యంత్రాన్ని తీసుకొని, దానిలో ఆపరేటింగ్ సిస్టమూ, కావలసిన సాఫ్ట్‌వేరూ ఎక్కించి, దాని డిస్కుకు ఉన్నదున్నట్టుగా ఒక ప్రతి తీస్తారు. ఆ ప్రతినే ఇమేజ్ అంటారు. తరువాత దాన్ని ల్యాబులోని తక్కిన యంత్రాలన్నిటిలోకీ దించుతారు. ఈ పద్ధతిలో పని త్వరగా ముగుస్తుంది. కాని మొదటి యంత్రంలో లేనిది మరే యంత్రంలోనూ ఉండదు. పాత డిస్కులో ఉన్నది మిగలదు. తెలుగు విద్యార్థికి చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అందువల్ల కళాశాలల్లో కొత్త ఇమేజ్‌లు తయారుచేయక తప్పదు. బెంగళూరు ల్యాబుల్లో కన్నడకు కావలసిన ఏర్పాట్లు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకొని చేయిస్తారు. తెలుగుకు అడిగేవారు మనమే.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది మీ పాత ఫైళ్ల సంగతి. తెలుగు ప్రచురణ రంగంలో చాలాకాలం చెలామణి అయిన అను వంటి ఫాంట్లతో టైపు చేసిన ఫైలులో నిజానికి తెలుగు లేదు. అందులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలకూ, గుర్తులకూ చెందిన సంఖ్యలు. ఆ సంఖ్యల చోట తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలను గీసి చూపడం మాత్రమే ఫాంటు చేసే పని. ఫాంటు ఉన్నంతవరకు సిద్ధాంతగ్రంథం సిద్ధాంతగ్రంథమే. కొత్త ఇమేజ్‌తో ఫాంటు పోయిందా, నాలుగేళ్ల శ్రమ అర్థంలేని ఇంగ్లీషు గీతలుగా కనిపిస్తుంది. ఫైలు చెడలేదు కాని చదివించే తాళంచెవి పోయింది. పీహెచ్.డీ. సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు పంపాలని యూజీసీ 2016 నిబంధనలు చెప్పాయి. అలా పంపిన గ్రంథంలో తెలుగు పాఠం పాత ఫాంటులో ఉంటే, కంటికి కనిపిస్తుందే కాని ఒక్క తెలుగు మాటా వెతుకులాటకు దొరకదు. పరిశోధకులు దీన్ని ఇంకా తేలిగ్గా తీసుకోవడం నాకు ఆశ్చర్యమే.

యూనికోడ్ పద్ధతి వేరు. ఇందులో ప్రతి అక్షరానికీ దానిదే అయిన సంఖ్య ఉంటుంది. తెలుగు ‘క’ సంఖ్య 3093, కన్నడ ‘క’ సంఖ్య 3221. తేడా 128. రెండు భాషలకూ సమానమైన అక్షరాలన్నిటికీ దాదాపు ఇదే దూరం. భారతీయ లిపులకు ఉమ్మడిగా రూపొందించి, 1991లో ప్రమాణంగా ప్రకటించిన ఇస్కీ సంకేతాల వరుసనే యూనికోడ్ అనుసరించడం ఇందుకు కారణం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుదీ ఇదే దారి. కన్నడ ‘క’ ఏ మీట మీద ఉందో తెలుగు ‘క’ కూడా ఆ మీట మీదే ఉంటుంది. కన్నడ మాధ్యమంలో చదువుకొని తెలుగు శాఖకు వచ్చిన విద్యార్థి ఇన్‌స్క్రిప్ట్ ఒకసారి నేర్చుకుంటే రెండు భాషలకూ సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడమే అలవాటైనవారికి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మోసే ఆర్.టి.ఎస్. పద్ధతి ఉండనే ఉంది.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. పాత యంత్రం, పాత ఫాంటు చేతిలో ఉండగానే మార్చుకోండి. రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకొనే వీలు తరువాత ఉండదు. పాత ఫాంట్లు అక్షరాన్ని గీసే వరుసలో నిలువచేస్తాయి, యూనికోడ్ పలికే వరుసలో నిలువచేస్తుంది. క్రావడి గీత ఎడమవైపునుంచి మొదలవుతుంది కనుక పాత ఫైలులో అది హల్లుకు ముందే ఉండవచ్చు. మార్పిడి సాధనాలు తడబడేది ఇలాంటి చోట్లనే. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లును వత్తుగా మారకుండా ఆపేందుకు కనిపించని సంకేతం ఒకటి ఉంటుంది. అది జారిపోతే ‘సాఫ్ట్వేర్’ మిగులుతుంది.

ఆ కనిపించని సంకేతానికి ఒక చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలుస్తోందని ప్రపంచమంతా వార్త పాకింది. జ, పొల్లు, ఞ, ఈ సంకేతం, ఆపైన దీర్ఘం ఈ వరుసలో వచ్చినప్పుడు అక్షరాన్ని కూర్చే ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులతోనూ అదే జరిగింది. పేరు మాత్రం తెలుగుకే వచ్చింది! అదే నెలలో ఆపిల్ 11.2.6 నవీకరణతో దాన్ని సరిదిద్దింది. నవీకరణలు వాయిదా వేయవద్దని కంప్యూటర్ కేంద్రం వారు పోరడం ఇందుకే. అయితే నలభై యంత్రాలు తరగతులు మొదలైన రోజునే ఒక్కుమ్మడిగా నవీకరణలు దించుకోబోతే నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంది. సెలవుల్లోనే ఒక స్థానిక సర్వర్లోకి తెచ్చి, అక్కడినుంచి పంచడం మేలు.

విద్యార్థుల పట్టికల సంగతీ చూడాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 30 బైట్ల గడిలో పది సంకేతాలే ఇముడుతాయి. ‘కృష్ణమూర్తి’ అన్న పేరుకే పదకొండు కావాలి. ఇక తెలుగు ఎరుగని పాత డేటాబేసులో పేర్లు నమోదు చేస్తే ప్రశ్నార్థకాలుగా నిలువవుతాయి. ఒకసారి అలా నిలువైన పేరును ఏ ఉపాయంతోనూ వెనక్కి తేలేము, మళ్లీ అడిగి రాసుకోవలసిందే.

మొదటి యంత్రం సిద్ధమైన రోజున, ప్రతి తీయకముందే, అరగంట అనుమతి అడిగి అక్కడ కూర్చోండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంటు దానంతట అదే వస్తుంది, గౌతమి కావాలంటే తెలుగు అదనపు ఫాంట్లను విడిగా ఎక్కించమనాలి. లినక్స్‌లో లోహిత్ గాని, నోటో గాని ఉంటే చాలు. స్త్రీ, జ్ఞానం, దుఃఖం, ఱంపం, క్రైస్తవం, సాఫ్ట్‌వేర్ అన్న మాటలు కొట్టి, దాచి, మళ్లీ తెరిచి, పీడీఎఫ్ చేసి, అందులో అవే మాటలు వెతికి చూడండి. దొరకని మాటను కాగితం మీద రాసి అక్కడి సాంకేతిక సిబ్బందికి ఇవ్వండి. ప్రతి తీశాక అయితే ఆ సవరణ నలభైసార్లు చేయాలి.