మొక్క కాడ విరిగిందా.. పారేయకండి! పాలమూరు పిల్లలమర్రి చెప్పే పాఠం ఇదే..

పిల్లి దూకింది.. కుండీ పడింది.. మొక్క కాడ పుటుక్కున విరిగింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తులసో, ఎవరో ప్రేమగా ఇచ్చిన మనీ ప్లాంటో అయితే ఆ బాధే వేరు. చాలామంది విరిగిన ముక్కను చెత్తబుట్టలో వేసేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. ఆ ముక్కలో ప్రాణం ఇంకా ఉంది. ఈ మాటకు సాక్ష్యం మన మహబూబ్‌నగర్‌లోనే ఉంది.

సెలైన్ ఎక్కించుకున్న చెట్టు

మహబూబ్‌నగర్ పట్టణానికి దాదాపు 4 కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రి తెలుసు కదా. సూర్యాపేట దగ్గర కాకతీయుల గుళ్లున్న పిల్లలమర్రి ఊరు వేరు, ఇది మర్రిచెట్టు. 700 ఏళ్ల నాటిదని చెబుతారు. మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 డిసెంబర్‌లో చెద పట్టి దీని పెద్ద కొమ్మ ఒకటి కూలిపోయింది. వెంటనే సందర్శకులను ఆపేశారు.

అటవీశాఖ అధికారులు మొదట కాండానికి రంధ్రాలు చేసి చెదల మందు పోశారు. అది నిలవకుండా బయటికి కారిపోయింది. అప్పుడు వచ్చిందో ఐడియా. ఆస్పత్రిలో మనిషికి పెట్టినట్టే, నీళ్లు కలిపిన క్లోరోపైరిఫాస్ మందును సెలైన్ బాటిళ్లలో నింపి చుక్క చుక్కగా ఎక్కించారు. 2018 ఏప్రిల్‌లో ఆ ఫొటోలు దేశమంతా చూసింది. బరువైన కొమ్మలకు కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. లేత ఊడలను పైపుల గుండా నేలదాకా దించారు. ఆ చెట్టు బతికింది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారులు కూడా వచ్చి చూసి వెళ్లారు.

ఇందులో మన కుండీకి పనికొచ్చేవి రెండు.. విరిగేదానికి ఊతం ఇవ్వడం, కొత్త వేరుకు దారి చూపడం. ఆ చెదల మందు మాత్రం ఇంట్లో వాడొద్దు. అది విషం.

ముక్కకు వేర్లు ఎలా వస్తాయి?

మొక్క చిగురులో ఆక్సిన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది. కాడ తెగితే దారి లేక తెగిన చోటే పోగవుతుంది. అక్కడి కణాలకు అదే 'వేరు పెట్టు' అనే సిగ్నల్. మర్రి కొమ్మ నుంచి ఊడ దిగడం, మనీ ప్లాంట్ కణుపు దగ్గర గోధుమరంగు బొడిపె రావడం.. రెండూ గాలిలో పుట్టే వేర్లే.

సగం విరిగితే.. పిండికట్టు!

మందారం, తులసి, రబ్బరు మొక్క లాంటి వాటికి బెరడు కింద పలుచని పచ్చి పొర ఉంటుంది. కాడ పూర్తిగా ఊడిపోకుండా వేలాడుతుంటే వెంటనే నిటారుగా కలిపి, పక్కన ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టి టేపుతో చుట్టండి. విరిగిన కాలికి పిండికట్టు కట్టినట్టే అన్నమాట. మూడు, నాలుగు వారాలు కదిలించొద్దు. ఆకులు వాడిపోతే అతకలేదని అర్థం.

మనీ ప్లాంట్, లక్కీ బాంబూ, స్నేక్ ప్లాంట్లకు ఈ కట్టు పనిచేయదు. వాటి కాడలో అతుక్కునే ఆ పొర ఉండదు. వాటిని కత్తిరించి నాటుకోవడమే మేలు.

పూర్తిగా విరిగితే ఇలా చేయండి

- నలిగిన భాగం తీసేసి, శుభ్రమైన బ్లేడుతో కణుపు కింద ఏటవాలుగా కోయండి. మనీ ప్లాంట్‌కు కణుపు లేకపోతే ఎన్ని రోజులు పెట్టినా వేరు రాదు.
- కింది ఆకులు తీసేసి పైన రెండు, మూడు ఉంచండి. నీళ్లలో ఆకు మునిగితే కుళ్లిపోతుంది.
- మనీ ప్లాంట్, తులసి అయితే గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టండి. వెలుతురు చాలు, ఎండ వద్దు. రెండు, మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. లేదంటే దోమలు గుడ్లు పెడతాయి. శుక్రవారం డ్రై డే రోజు ఈ సీసా కూడా గుర్తుండాలి.
- వేర్లు రెండు అంగుళాలు పెరిగాక కుండీలోకి మార్చండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు సమపాళ్లలో కలిపితే చాలు.
- మందారానికి పెన్సిల్ లావు కొమ్మ తీసుకుని నేరుగా తడి ఇసుక మట్టిలో గుచ్చండి.
- కలబంద, జేడ్, కాక్టస్ ముక్కలను మూడు, నాలుగు రోజులు నీడలో ఆరనివ్వాలి. పచ్చి గాయంతో నాటితే కుళ్లుతాయి.
- స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కను తలకిందులుగా పెట్టొద్దు. పసుపు అంచు ఉన్న రకమైతే కొత్త పిలకకు ఆ అంచు రాదు.

కల్యమాకు కొమ్మ మాత్రం అంత సులువుగా వేరు పెట్టదు. దానికి తల్లి చెట్టు పక్కన వచ్చే పిలకలో, గింజలో నయం.

నల్గొండ వాళ్లు నీళ్ల విషయంలో జాగ్రత్త

ఫ్లోరైడ్ గోస నల్గొండకు కొత్త కాదు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికే 'నల్గొండ టెక్నిక్' అని పేరు. మనుషుల ఎముకలనే కాదు, ఫ్లోరైడ్ కొన్ని మొక్కలనూ పీడిస్తుంది. లక్కీ బాంబూ, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు గోధుమరంగులోకి మారి ఎండుతుంటే బోరు నీళ్లను అనుమానించండి. మరగబెట్టినా, రాత్రంతా ఉంచినా ఫ్లోరైడ్ పోదు.. రాత్రంతా ఉంచితే పోయేది క్లోరిన్. వాన నీళ్లు పట్టి వాడితే మంచిది. ఆర్వో మెషిన్ నుంచి వృథాగా పోయే నీళ్లు వేర్లు రాని ముక్కకు అసలే వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

ఎప్పుడు చేయాలి?

జులై నుంచి సెప్టెంబర్ వరకు, వానల్లో గాలిలో తేమ ఉన్నప్పుడు ముక్కలు తొందరగా అందుకుంటాయి. ఏప్రిల్, మేలో విరిగితే ఏం చేయాలి? ముక్కపై పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి నీడలో పెట్టండి. వేరు లేని ముక్క తాగే నీళ్ల కంటే ఆకుల నుంచి పోయే నీళ్లే ఎక్కువ. ఆ నష్టాన్ని కవర్ ఆపుతుంది.

ఇంకో మాట. రబ్బరు మొక్క పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి. మనీ ప్లాంట్ ఆకు నమిలితే పిల్లలకు, పెంపుడు జంతువులకు నోరు మండుతుంది. పని అయ్యాక చేతులు కడుక్కోండి, సీసాను అందకుండా పెట్టండి.

కాడ విరిగిన తల్లి మొక్కనూ వదిలేయకండి. మిగిలిన మోడును కణుపు పైన నీట్‌గా కత్తిరిస్తే పక్క నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. అంటే పోయింది అనుకున్న ఒక్క మొక్క.. కొన్ని వారాల్లో రెండవుతుంది. పిల్లలమర్రి అంత పెద్దగా పరుచుకుందీ ఇలా ఒక్కో ఊడను నేలకు దించుకునే!