ఇంట ఐస్‌క్రీము యంత్రము

వేసవి రాగానే పిల్లలు ఐస్‌క్రీము కొరకు మారాము చేయుట ప్రతి యింటను ఉన్నదే. మెత్తని ఐస్‌క్రీమును ఇంటనే చేయదలచినవారు యంత్రమును కొనుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను.

మొదటిది చల్లదనము. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ పేటెంటు పొందిన చేతియంత్రమునకు మంచుగడ్డయు ఉప్పును చలువ నిచ్చెడివి. నేటి చిన్న యంత్రములు పెక్కింటిలో ముందురాత్రియే ఫ్రీజరులో ఉంచవలసిన గిన్నె యుండును. ఒక్కమారు చేయగానే దాని చలువ తరిగిపోవును. అది మీ ఫ్రీజరులో పట్టునో లేదో ముందే కొలిచి చూచుకొనుడు. కంప్రెసరు గల యంత్రము వెంటవెంటనే పలుమారులు చేయును గాని, వెలయు బరువును హెచ్చు. దేనితో చేసినను, గాలి కలిసి, సున్నకు దిగువన సుమారు 6 డిగ్రీల చలిలో నున్నప్పుడే వడ్డించినచో మెత్తదనము నిలుచును.

రెండవది శుభ్రత. పాలు నిలిచిన సందులలో సూక్ష్మజీవులు పెరుగును. చలికి వాటి పెరుగుదల ఆగునే గాని అవి యన్నియు నశింపవు. కావున కాచి చల్లార్చిన పాలనే వాడుడు. పాలు తగులు ప్రతి భాగమును విప్పి కడుగుటకు వీలున్న యంత్రమునే కొనుడు. విప్పరాని యంత్రము ఎంత సొగసైనదైనను పిల్లలున్న యింటికి తగదు.