తాతల ఆస్తికి ట్రస్టు కాపలా

జాకబ్ వజ్రం బరువు 184.75 క్యారెట్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునేవారని హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వజ్రమూ, నిజాం నగల్లో మేలైనవీ వారసుల మధ్య చెల్లాచెదురు కాకుండా నిలిచింది ఒక దస్తావేజు వల్ల. సంస్థానం చేజారాక, 1951-52 ప్రాంతంలో, ఆయన వాటిని ట్రస్టులకు అప్పగించారు. అప్పటినుంచి వాటి బాధ్యత ట్రస్టీలది, ఫలం కుటుంబానిది. కోర్టుల్లో ఏళ్లు గడిచాక 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగలను దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నది. అలా డబ్బు వారసులకు చేరింది, నగలు దేశానికి దక్కాయి.

నిజాం సంగతి మనకెందుకు అనుకోకండి. మూడెకరాల మాగాణి, ఊళ్లో పెంకుటిల్లు, పట్నంలో ఒక ఫ్లాటు ఉన్న ఇంట్లోనూ పెద్దాయన పోగానే అదే తగువు మొదలవుతుంది. ఒక కొడుకు అమెరికాలో ఉంటాడు, ఒక కొడుకు అప్పుల్లో ఉంటాడు. మానసిక ఎదుగుదల లేని బిడ్డ ఉంటే ఆ తల్లికి కంటిమీద కునుకుండదు. “మేం పోయాక వీడినెవరు చూస్తారు?” అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో ట్రస్టును మించిన జవాబు లేదు. బిడ్డ బతికున్నన్నాళ్లు ఇల్లు అమ్మకూడదనీ, అద్దె వాడి మందులకూ తిండికీ వాడాలనీ, ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లాలో కూడా అందులో రాయొచ్చు. వీలునామా ఆస్తిని ఒకరి చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ట్రస్టయితే ఆ చెయ్యి ఏం చేస్తోందని అడిగే హక్కు కూడా ఇస్తుంది. లెక్కలు చూపమంటే ట్రస్టీ చూపాల్సిందే.

1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం ఇల్లూ భూమీ ట్రస్టులో పెట్టాలంటే రాసి, సంతకం చేసి, రిజిస్టర్ చేయించాలి. లేదా వీలునామాలో రాయాలి. నోటిమాట చెల్లదు. ఏడు తరాలదాకా కట్టేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇప్పుడు బతికున్నవారి జీవితకాలం, ఆపైన పుట్టిన బిడ్డ మైనారిటీ తీరేదాకా, అంతవరకే చట్టం ఒప్పుకుంటుంది. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి రాసింది కోర్టులో నిలవదు. పన్ను తప్పించుకోవడానికే రాసినా నిరాశే. ఎవరికెంత ఇవ్వాలో ట్రస్టీ ఇష్టానికి వదిలేస్తే ఆదాయంపై సాధారణంగా గరిష్ఠ రేటులోనే పన్ను పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు మన ఇళ్లలోనే జరుగుతోంది. హిందూ కుటుంబాల పిత్రార్జితంలో ఆడపిల్లకు జన్మహక్కు ఉందని 1986లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది, 2005లో కేంద్రం దేశమంతటికీ చేసింది. అయినా ఆ వాటాను కలుపుకుని అన్నదమ్ములే ట్రస్టు రాసుకుంటారు. తనది కాని వాటాను ఎవరూ ట్రస్టులో పెట్టలేరు. అలాంటి పత్రం రేపటి దావాకు ఇవాళే పెట్టిన నిప్పు.

ట్రస్టీగా మీకన్నా చిన్నవాళ్లను పెట్టుకోండి. ఆ మనిషి పోతే తర్వాత ఎవరో కూడా రాయించండి. పండక్కి అందరూ వచ్చినప్పుడు కూతుళ్లనూ కూర్చోబెట్టి ముసాయిదా బిగ్గరగా చదివి వినిపించండి. ఆ తర్వాతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు బయల్దేరండి.